ఎలక్ట్రోడ్ ముంచకముందే చెప్పాలి

బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో ఉద్యోగం వెతుక్కునే పిల్లలను ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు ఏళ్లు గడిచినా పెద్దగా మారవు. వాటిలో ఒకటి: సోడియం ఎసిటేట్‌ను నీళ్లలో కరిగిస్తే ద్రావణం ఆమ్లమా, క్షారమా, తటస్థమా? జవాబు టక్కున వస్తుంది. బలమైన క్షారం, బలహీన ఆమ్లం కలిసి పుట్టిన లవణం కాబట్టి క్షారం. ఇంటర్లో బట్టీపట్టిన నాలుగు వరసల పట్టిక అక్కడికి బాగానే పనిచేస్తుంది. ఆ వెంటనే "మరి సోడియం బైసల్ఫేట్?" అని అడిగితే గొంతు తగ్గుతుంది. "ఫెర్రిక్ క్లోరైడ్?" అంటే నేల చూపులు. "సరే, ఎసిటేట్ క్షారమన్నావు, పీహెచ్ ఎంత ఉండొచ్చు?" అంటే ఇక మాటే ఉండదు.

ఎదుట కూర్చున్న పెద్దమనిషికి కావలసింది పట్టిక కాదు. రేపు రాత్రి షిఫ్టులో రియాక్టర్ పక్కన నిలబడి పీహెచ్ పేపర్ మీద రంగు చూసినప్పుడు, ఆ రంగు రావలసిందేనా కాదా అని ఆలోచించగలరా లేదా అన్నదే ఆయన చూసేది. మీటర్ ఉంది కదా, ముంచితే తెలిసిపోతుంది కదా అని అనుకోవచ్చు. మీటర్ ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకె నమ్మదగినదా అన్నది చెప్పదు. ఎంత రావాలో ముందే ఒక లెక్క ఉన్నవాడికే వచ్చిన అంకెలో తేడా కనిపిస్తుంది. అందుకే నా దగ్గర చేరే ప్రతి కొత్త కెమిస్టుకూ మొదటి వారమే ఒక మాట చెప్తాను: ఎలక్ట్రోడ్ ముంచకముందే పీహెచ్ ఎంతో నోటితో చెప్పు, తప్పయినా ఫరవాలేదు.

ఎలా చెప్పాలి? తల్లిదండ్రుల వివరాలు కాసేపు పక్కన పెట్టండి. లవణం నీళ్లలో పడగానే రెండు అయాన్లుగా విడిపోతుంది. ఒక్కో అయాన్‌నూ విడిగా పట్టుకుని అడగవలసిన ప్రశ్న ఒకటే: ఇది నీటి జోలికి పోతుందా? సోడియం, పొటాషియం పోవు. క్లోరైడ్, నైట్రేట్ కూడా అంతే. ఎసిటేట్ పోతుంది, నీటి నుంచి ఒక ప్రోటాన్ లాక్కుని హైడ్రాక్సైడ్‌ను మిగులుస్తుంది, కాబట్టి క్షారం. అమ్మోనియం తన ప్రోటాన్‌ను నీటికి అంటగడుతుంది, కాబట్టి ఆమ్లం. రెండు అయాన్లూ ఊరుకుంటే తటస్థం. పొటాషియం క్లోరైడ్ అలాంటిదే. శుద్ధి చేసిన నీటి పీహెచ్ చూసేటప్పుడు అంకె నిలబడక ఊగుతుంటే 100 మిల్లీలీటర్లకు 0.3 మిల్లీలీటర్ల సంతృప్త పొటాషియం క్లోరైడ్ ద్రావణం కలపమని ఫార్మకోపియా పద్ధతి చెప్పేది అందుకే. విద్యుత్తు పారడానికి అయాన్లు దొరుకుతాయి, పీహెచ్ మాత్రం చెదరదు.

దిశ తెలిసింది. ఇక ఎంత దూరం అన్నది. దానికి కొన్ని పీకేఏ విలువలు నోటికి వచ్చి ఉండాలి. ఎక్కువేం కాదు: ఎసిటిక్ ఆమ్లం 4.76, ఫార్మిక్ 3.75, అమ్మోనియం 9.25, కార్బోనిక్ 6.35, 10.33, ఫాస్ఫారిక్ 2.15, 7.20, 12.35, బైసల్ఫేట్ సుమారు 2. ఫోన్ నంబర్లు గుర్తుపెట్టుకునే వయసులో ఇవేం బరువు కాదు.

0.1 మోలార్ అమ్మోనియం క్లోరైడ్ తీసుకోండి. గాఢత లాగరిథమ్ మైనస్ 1. పీకేఏ నుంచి దాన్ని తీసేసి సగం చేస్తే చాలు. 9.25లోంచి మైనస్ 1 తీస్తే 10.25, అందులో సగం 5.1. అదే గాఢతలో సోడియం ఎసిటేట్ అయితే 4.76కు మైనస్ 1 కలిపి, వచ్చిన 3.76లో సగాన్ని 7కు కలపండి: 8.9. కాగితం మీద నాలుగు పేజీల ఉత్పాదన ఉంటుంది, అది పరీక్షకు. ఫ్లోర్ మీద ఈ సగాల లెక్క చాలు. ఇది బలహీన ఆమ్లాలకు, బలహీన క్షారాలకు మాత్రమే పనికొస్తుందనీ, మరీ పలచటి ద్రావణాల్లో తప్పుతుందనీ గుర్తుంచుకుంటే సరి.

ఈ లెక్క జీతం ఇప్పించే చోటు ఒకటి చూపిస్తాను. మన మందుల్లో చాలావరకు ఎమీన్లు. వాటిని హైడ్రోక్లోరైడ్ లవణాలుగా చేసి అమ్ముతాం. ఒక ఎమీన్ లవణం పీకేఏ 9.5 అనుకోండి. 0.1 మోలార్ ద్రావణం పీహెచ్ 5.2 దగ్గర రావాలి. మీటర్ 2.8 చూపించింది. కొత్తవాళ్లు చేసే మొదటి పని ఇంకోసారి ముంచడం, రెండో పని మీటర్‌ను తిట్టడం. లెక్క తెలిసినవాడు ఇలా చూస్తాడు: 2.8 అంటే లీటరుకు 0.0016 మోల్ స్వేచ్ఛా ఆమ్లం. లవణం 0.1 మోల్. అంటే వంద అణువుల లవణానికి ఒకటిన్నర అణువు హైడ్రోక్లోరిక్ ఆమ్లం అదనంగా అంటుకుని ఉంది. ఎస్సేలో అది దాదాపు కనిపించదు, పీహెచ్‌లో మాత్రం రెండున్నర యూనిట్ల తేడాగా బయటపడుతుంది. కేకు సరిగా కడగలేదు, లేదా ఆమ్లం వాయువు అవసరానికి మించి పంపారు, లేదా డ్రైయింగ్ అయిపోకముందే శాంపిల్ తీశారు. మోనోగ్రాఫ్‌లో పీహెచ్ పరీక్ష పెట్టింది లాంఛనానికని అనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకుని చూడాలి. సోడియం లవణాల్లో ఇదే కథ తిరగబడి ఉంటుంది. డైక్లోఫెనాక్ సోడియంలాంటిది తేలికపాటి క్షారంగా రావలసింది పోయి 10 దాటిందంటే అదనపు కాస్టిక్ ఎక్కడ మిగిలిందో వెతకాలి.

ఇక పట్టిక చేతులెత్తేసే చోట్లకు వద్దాం.

మొదటిది, ప్రోటాన్‌ను ఇవ్వనూగలిగి పుచ్చుకోనూగలిగే అయాన్లు. బైకార్బొనేట్‌లో హైడ్రోజన్ ఉంది కాబట్టి ఆమ్లమేమో అని కొందరు, సోడియం ఉంది కాబట్టి గట్టి క్షారమని కొందరు. దాని పీహెచ్ ఇటు అటు ఉన్న రెండు పీకేఏల మధ్యలో కూర్చుంటుంది: 6.35, 10.33 కలిపి సగం చేస్తే 8.3. గాఢత మారినా ఇది పెద్దగా కదలదు, అదే దీని సుగుణం. ఇథైల్ ఎసిటేట్ లేయర్‌లో ఆమ్లం జాడలు పోగొట్టడానికి బైకార్బొనేట్ వాష్ ఇస్తాం కానీ కార్బొనేట్ వాష్ ఇవ్వడానికి జంకుతాం; 0.1 మోలార్ సోడియం కార్బొనేట్ 11.6 దాకా పోతుంది, ఎస్టర్ ఉన్న అణువు ఆ క్షారానికి విడిపోయే ప్రమాదముంది. బైసల్ఫేట్ విషయం వేరు. దానికి వెనక్కి ప్రోటాన్ పుచ్చుకోవాలన్న ఆశ లేదు, ఎందుకంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం మొదటి ప్రోటాన్ పూర్తిగా విడిపోయేదే. కాబట్టి అది ఇచ్చే చెయ్యే. 0.1 మోలార్ సోడియం బైసల్ఫేట్ 1.6 దగ్గర ఉంటుంది. లవణమే కదా అని గ్లౌజులు లేకుండా ముట్టుకునేవాళ్లు ఆ అంకె గుర్తుపెట్టుకోవాలి.

రెండోది లోహ అయాన్లు. ఇక్కడే ఇంటర్వ్యూలో ఎక్కువమంది జారిపోతారు, ఎందుకంటే ఫెర్రిక్ క్లోరైడ్‌లోగానీ అల్యూమినియం సల్ఫేట్‌లోగానీ కంటికి కనిపించే హైడ్రోజన్ లేదు. అల్యూమినియం అయాన్ చిన్నది, మూడు ధనావేశాలు మోస్తుంది. చుట్టూ ఆరు నీటి అణువులను దగ్గరికి లాక్కుని, వాటి ఆక్సిజన్ దగ్గరి ఎలక్ట్రాన్లను తనవైపు గుంజుతుంది. ఆ గుంజుడుకు నీటి అణువులోని ప్రోటాన్ పట్టు సడలి బయటి నీళ్లలోకి జారుకుంటుంది. ఆ లెక్కన నీటితో చుట్టుకున్న అల్యూమినియం అయాన్ పీకేఏ సుమారు 5, అంటే ఎసిటిక్ ఆమ్లానికి ఇంచుమించు సమానం. ఫెర్రిక్ అయాన్‌ది సుమారు 2.2, అది మరీ గట్టి ఆమ్లం. సోడియం, పొటాషియం, కాల్షియం, బేరియం పెద్దవి లేదా ఆవేశం తక్కువవి, అంత గుంజలేవు.

ఈటీపీలో, అంటే పరిశ్రమల మురుగునీటి శుద్ధి కేంద్రంలో, పనిచేసేవాళ్లకు ఇది పుస్తకంలోని సంగతి కాదు, రోజూ చేతిలో ఉండే సంగతి. పటిక వేస్తే పీహెచ్ పడిపోతుంది. పల్లెల్లో వరదనీటి బిందెలో పటిక ముక్క తిప్పినా నీళ్లు పుల్లబడవు, ఎందుకంటే ఏటినీటిలో ఉన్న బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని మింగేస్తుంది. ఒక మిల్లీగ్రాము పటిక సుమారు అర మిల్లీగ్రాము క్షారతను, కాల్షియం కార్బొనేట్ లెక్కలో, తినేస్తుందని నీటి శుద్ధి కేంద్రాల్లో వేసుకునే లెక్క. ఈటీపీలోకి వచ్చే నీళ్లకు ఆ క్షారత లేనప్పుడు పీహెచ్ కిందికి జారుతుంది, ఫ్లాక్ కట్టదు, ఆపరేటర్ డోసు ఇంకా పెంచుతాడు, అది ఇంకా జారుతుంది. ఇలాంటప్పుడు పెంచవలసింది పటిక కాదు, సున్నం. బయటికి వదిలే నీటి పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలని పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణం. ఫెర్రిక్ క్లోరైడ్ వాడే ప్లాంట్లలో సున్నం డోసు ఇంకా ఎక్కువ పడుతుంది.

మూడోది రెండు అయాన్లూ నీటి జోలికి పోయే లవణాలు. ఇక్కడ ఎవరి బలం ఎక్కువో చూడాలి. ఆమ్లం పీకేఏ, అమ్మోనియం పీకేఏ కలిపి సగం చేయండి. అమ్మోనియం ఫార్మేట్ 6.5. అమ్మోనియం ఎసిటేట్ సరిగ్గా 7. ఈ 7 ఎనలిటికల్ డెవలప్‌మెంట్‌లో చాలా గందరగోళం చేస్తుంది. మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పనికొచ్చే బఫర్ అని అమ్మోనియం ఎసిటేట్‌ను నీళ్లలో కరిగిస్తారు, పీహెచ్ 7 దగ్గర వస్తుంది, "న్యూట్రల్ బఫర్ రెడీ" అని బాటిల్ పెడతారు. 7 దగ్గర అది బఫరే కాదు. ఎసిటేట్ బఫర్‌గా పనిచేసేది 4.76కు అటూ ఇటూ ఒక యూనిట్, అమ్మోనియం పనిచేసేది 9.25కు అటూ ఇటూ ఒక యూనిట్. 7 ఆ రెంటికీ నడుమ ఉన్న ఖాళీ జాగా. రవ్వంత ఆమ్లం తగిలినా జరిగిపోతుంది. రిటెన్షన్ టైమ్ ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి రావడానికి కాలమ్‌ను అనుమానించే ముందు ఇది చూడండి. ద్రావణం తటస్థమని తేలినంత మాత్రాన అది స్థిరంగా ఉంటుందని అర్థం కాదు.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతి. ఈ అంచనా రాకపోతే ఇంటర్వ్యూ పోవడం చిన్న నష్టం. గ్రిన్యార్డ్ చర్య ముగిశాక అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో క్వెంచ్ చేయడం అందరికీ అలవాటు. మెత్తటి ఆమ్లం, ఆమ్లానికి తట్టుకోలేని అణువును చెడగొట్టదు, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ముద్దకట్టకుండా కరిగించుకుపోతుంది. ఆ అలవాటులో "అమ్మోనియం క్లోరైడే కదా" అన్న తేలికభావం పుడుతుంది. సోడియం సయనైడ్ ఉన్న ద్రవ్యంలో అదే ద్రావణం పోస్తే? హైడ్రోసయానిక్ ఆమ్లం పీకేఏ 9.2. అంటే పీహెచ్ 9 దగ్గరే సగానికి పైగా సయనైడ్ వాయువుగా లేచే రూపంలోకి మారి ఉంటుంది. 5కు వచ్చేసరికి దాదాపు మొత్తం. సోడియం ఎజైడ్ కూడా అలాంటిదే. దాని ఆమ్లం పీకేఏ 4.7 దగ్గర. పీహెచ్ 5లో మూడో వంతు హైడ్రజోయిక్ ఆమ్లం. విషం, పేలుడు స్వభావం, గది ఉష్ణోగ్రత కంటే కాస్త పైనే మరిగిపోయే ద్రవం. సోడియం సల్ఫైడ్ ఉన్న మురుగును పటిక లేదా ఫెర్రిక్ క్లోరైడ్ పోసే ట్యాంకులోకి నేరుగా మళ్లిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ లేస్తుంది. హైపోక్లోరైట్‌తో పటిక కలిస్తే క్లోరిన్, అమ్మోనియం లవణం కలిస్తే క్లోరమీన్లు. "ఆమ్లం కలపరాదు" అని డ్రమ్ము మీద రాసి ఉంటుంది. ఆ హెచ్చరిక సీసా మీద ఆమ్లం అని పేరున్నవాటికే కాదు, ఆమ్లంలా నడుచుకునే లవణాలకు కూడా. ఈ మాట ఏ ఎస్‌వోపీలోనూ అక్షరాలా దొరక్కపోవచ్చు, కెమిస్టుకే తెలిసుండాలి.

తటస్థం అంటే 7 అనే నమ్మకాన్ని కూడా కొంచెం సడలించుకోవాలి. ఉప్పు ద్రావణం పీహెచ్ 5.8 వచ్చిందని ఒక కొత్త ట్రైనీ లాట్‌ను పక్కన పెట్టించవచ్చు. సోడియం క్లోరైడ్ దోషం కాదది. గాలి తగిలిన నీళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని వాటంతట అవే 5.6 దాకా దిగుతాయి. అందుకే ఫార్మకోపియాలు చాలా పరీక్షల్లో కార్బన్ డయాక్సైడ్ లేని నీరు వాడమంటాయి, మరిగించి చల్లార్చి అప్పటికప్పుడు. సోడియం లవణాల ద్రావణాన్ని బీకరులో తెరిచి ఉంచి టిఫిన్‌కు వెళ్లొస్తే పీహెచ్ కిందికి జారి ఉంటుంది. ఉష్ణోగ్రత ఇంకొకటి. 25 డిగ్రీల దగ్గర 7 అయిన తటస్థ బిందువు 60 డిగ్రీల దగ్గర 6.5. రియాక్టర్ వేడిగా ఉండగా 6.5 చూసి ఆమ్లం మిగిలిందని కాస్టిక్ కొట్టకండి. మీటర్‌లో ఉష్ణోగ్రత సవరణ ఉంది కదా అంటారు. అది ఎలక్ట్రోడ్ వోల్టేజీ వాలును సవరిస్తుంది, ద్రావణంలో జరిగే రసాయనాన్ని కాదు.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలన్నది ఒక్క మాటలో: జవాబు ముందు చెప్పకండి, అయాన్లను ముందు విడదీయండి. "జింక్ క్లోరైడ్ అండీ, క్లోరైడ్ ఊరుకుంటుంది, జింక్ నీటి అణువుల నుంచి కొంచెం ప్రోటాన్ వదిలిస్తుంది, కాబట్టి ఆమ్లం వైపు, అల్యూమినియం అంత గట్టిగా కాదు" అని పైకి ఆలోచించేవాళ్లను ఎవరూ మధ్యలో ఆపరు. అంకె అడిగితే సుమారు అంకె చెప్పండి, ఎలా వచ్చిందో చెప్పండి. కచ్చితంగా తెలియదు అన్నది తప్పు కాదు, తెలియనట్టు నిలబడిపోవడం తప్పు. తెలుగు మీడియంలో చదివాం, ఇంగ్లీషులో చెప్పలేం అని జంకేవాళ్లకు ఇంకో మాట: ఈ గదుల్లో ఎదుట కూర్చునేవాళ్లలోనూ చాలామంది తెలుగువాళ్లే. ఆలోచన సరిగ్గా ఉంటే అడిగి తెలుగులో చెప్పండి.

ఉద్యోగంలో చేరాక ఈ అంచనాను ఎక్కడ రాసుకోవాలన్నది కూడా తెలియాలి. బీఎమ్మార్ (బ్యాచ్ తయారీ రికార్డు) అంచున పెన్సిల్‌తో రాయకూడదు, చిత్తుకాగితం మీద రాసి జేబులో పెట్టుకోకూడదు; ఆడిటర్ కంట పడితే మీటర్ చూడకముందే అంకె రాసేశారన్న అనుమానానికి మీరే దారి ఇచ్చినట్టు. నోటితో పక్కవాడికి చెప్పండి, చాలు. అంచనాకూ రీడింగుకూ యూనిట్ కంటే ఎక్కువ తేడా వస్తే ముందు బఫర్లతో ఎలక్ట్రోడ్‌ను చూడండి, తర్వాత నీళ్లను, ఆ తర్వాత సీసా లేబుల్‌ను. ముఖ్యంగా ఫాస్ఫేట్లు. ఇండెంట్ చీటీ మీద ఉత్త "సోడియం ఫాస్ఫేట్" అని ఉంటే స్టోర్స్ వాళ్లు చేతికి అందింది ఇస్తారు. ఒక సోడియం ఉన్నది 4.5 దగ్గర, రెండున్నది 9 పైన, మూడున్నది 12 దాటుతుంది. మూడూ తెల్లటి పొడులే, తరచూ ఒకే షెల్ఫులో పక్కపక్కనే ఉంటాయి. ఇండెంట్‌లో సోడియంలు ఎన్నో, స్ఫటిక నీరు ఎంతో రాసి పంపండి, సీసా వచ్చాక లేబుల్‌తో సరిచూసుకున్నాకే మూత తీయండి.